యుద్ధం సీన్లలో నిజం ఎంత? బుల్లెట్ తగిలినవాడు పడే తీరు నుంచి ఇంటికి కబురు వెళ్ళేదాకా

#1 · రీలురంగడు
అందరికీ నమస్కారం. 1971 డిసెంబర్, పడమటి సరిహద్దు, ఇసుకలో ఒక చిన్న పోస్టు, ఒక్క రాత్రి. ఇరవై అయిదు నిమిషాల షార్ట్ ఫిల్మ్. స్క్రిప్టు రెండో డ్రాఫ్టులో ఉంది. కాల్పులు మొత్తం కలిపినా నాలుగు నిమిషాలు దాటవు. కానీ ఆ నాలుగు నిమిషాలూ మన రెగ్యులర్ ఫైట్‌లా ఉండకూడదు. బడ్జెట్ చిన్నది, గ్రాఫిక్స్‌కి పెద్దగా మిగలదు.

నా ప్రశ్నలు: బుల్లెట్ తగిలినవాడు నిజంగా ఎలా పడతాడు? రక్తం ఎంత చూపించాలి, దేనితో చేయాలి? సౌండ్ సంగతేంటి? అసలు రక్తం చూపిస్తేనే యుద్ధం ఎంత ఖరీదైనదో తెలుస్తుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

#2 · కట్‌షాట్
పడే సంగతితో మొదలెడదాం, మనవాళ్ళు ఎక్కువగా తప్పేది అక్కడే. బుల్లెట్ మనిషిని వెనక్కి ఎగరేయదు. లెక్క చూడండి. 7.62 ఎంఎం రైఫిల్ బుల్లెట్ బరువు సుమారు 9.5 గ్రాములు, తుపాకీ దాటేటప్పుడు వేగం సెకనుకు 840 మీటర్లు. ఆ ఊపంతా 70 కిలోల మనిషిలోనే ఆగిపోయిందనుకున్నా అతను వెనక్కి జరిగే వేగం సెకనుకు 11 సెంటీమీటర్లు. మామూలు నడక అంతకు పదింతలు పైనే. అదే ఊపు కాల్చినవాడి భుజానికీ తగులుతుంది, వాడేం ఎగిరిపోవడం లేదుగా.

కాబట్టి నడుముకి తాడు కట్టి లాగడం మానేయండి. పరిగెత్తేవాడు పరిగెడుతున్న వైపే పడతాడు. నిలబడ్డవాడు ఉన్నచోటే కూలతాడు: ముందు మోకాళ్ళు వదులవుతాయి, తర్వాత నడుము, చివరికి తల. చేతులు అడ్డం రావు. ఆర్టిస్టులకి కష్టమైనది ఆ చేతులే. పడేటప్పుడు చేయి ముందుకు పెట్టడం మనిషికి పుట్టుకతో వచ్చే అలవాటు. అది పోవాలంటే ఇసుక మీద మోకాలి ప్యాడ్లతో రెండు రోజులు ప్రాక్టీస్ కావాలి. తల చివర్లో నేలకి తగిలే చోట ఫోమ్ ముక్క పాతిపెట్టి పైన ఇసుక జల్లండి.

ఇంకోటి. చాలామందికి తగిలిన సంగతి వెంటనే తెలియదు. ఎవరో గట్టిగా గుద్దినట్టు అనిపించి, ఇంకో నాలుగడుగులు వేసి, చూసుకుంటే తడి. అరుపు లేకుండా ఆ నాలుగడుగులు తీయండి చాలు.

#3 · పాతబూటు
1971 అన్నారు కాబట్టి ముందే చెప్తున్నా. అద్దెకి డమ్మీ ఇన్సాస్‌లు దొరుకుతున్నాయి కదా అని పెట్టేయకండి, ఆ రైఫిల్ వచ్చింది 1990ల్లో. అప్పుడు మన జవాన్ల చేతిలో ఉన్నది 7.62 ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్). ఇరవై తూటాల మ్యాగజైన్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటే తూటా, బరస్ట్ రాదు. మీ హీరో ఎస్సెల్లార్‌తో డబడబా వాయించేస్తే మాజీ సైనికులు అక్కడే లేచి వెళ్ళిపోతారు. బరస్ట్ కావాలంటే సెక్షన్‌కి, అంటే చిన్న జట్టుకి, ఒక ఎల్ఎంజీ (లైట్ మెషిన్ గన్) ఉంటుంది, అది కొట్టాలి.

ఖాళీ ఎస్సెల్లార్ దాదాపు నాలుగున్నర కిలోలు. ఫైబర్ డమ్మీ కిలో కూడా ఉండదు. ఆ తేడా తెరమీద దాగదు, కర్ర పట్టుకుని గంతులేసినట్టే ఉంటుంది. డమ్మీ లోపల ఇనుప కడ్డీ దూర్చి బరువు నాలుగు కిలోలకు తెండి. పౌచుల్లో తడి ఇసుక సంచులు పెట్టండి. భుజాలు వాటంతటవే వంగుతాయి, నటించక్కర్లేదు.

తూటాల లెక్క కూడా చూసుకోండి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ రైఫిల్‌మ్యాన్ నడుం బెల్టులో పది జేబులు, జేబుకి ఎనిమిది తూటాల క్లిప్ ఒకటి, మొత్తం 80. మన సినిమాల్లో అంతకంటే ఎక్కువ ఒక్క షాట్‌లో కాల్చేస్తారు.

#4 · గాజుగుడ్డ
గాయాల గురించి నేను రాస్తాను. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. అందులో రెండు లీటర్లు పోతే ప్రాణం మీదికొస్తుంది. తొడ మొదట్లో ఉండే పెద్ద ధమని తెగితే మూడు నుంచి ఐదు నిమిషాల్లో అయిపోతుంది, స్పృహ అంతకు ముందే పోతుంది. తొడకి తగిలినవాడు పది నిమిషాలు పోరాడి, జెండా పాతి, ఆ తర్వాత చనిపోవడం కుదరదు.

తెరమీద ఎవరూ చూపించని లక్షణాలు ఇవి: విపరీతమైన దాహం, ఎండలో కూడా చలి, చల్లటి చెమట, పెదాలు తెల్లబడటం, ఊరికే అటూ ఇటూ కదలడం, అడిగిందే మళ్ళీ అడగడం. ఆఖర్న గాలి చాలనట్టు ఆవలింతలు. ఆ ఆవలింత ఒక్కటి చాలు, చూసేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. దానికి మేకప్ ఖర్చు సున్నా.

కట్టు విషయంలో మిలిటరీ నియమం ఒకటుంది. ప్రతి జవాను దగ్గరా ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్ అనే చిన్న పొట్లం ఉంటుంది. దెబ్బ తిన్నవాడికి కట్టు కట్టాలంటే వాడి పొట్లమే వాడాలి, మీది తీయకూడదు. ఎందుకంటే కాసేపట్లో మీకే అవసరం పడొచ్చు. కాబట్టి సాయానికి వచ్చినవాడు ముందు దెబ్బ తిన్నవాడి జేబులు తడుముతాడు. సినిమాలో చూపిస్తే దొంగతనంలా కనిపిస్తుంది. తర్వాతే అర్థమవుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ మెడిక్‌లు మార్ఫిన్ ఇచ్చాక ఖాళీ ట్యూబు సూదిని గాయపడ్డవాడి కాలర్‌కే గుచ్చేవాళ్ళు. వెనక వచ్చేవాడు తెలియక రెండో డోసు ఇస్తే ఊపిరి ఆగిపోతుంది కదా. ఇలాంటి చిన్న వస్తువు ఒకటి క్లోజప్‌లో పడితే రెండు పేజీల డైలాగు మిగులుతుంది.

#5 · బాల్కనీబాబు
అంటే హీరో ఒళ్ళో ఫ్రెండ్ తల పెట్టుకుని "మా చెల్లి పెళ్లి..." అనే సీను కట్టా 😀

#6 · గాజుగుడ్డ
ఎందుకు కట్ చేయాలి? గాయం మార్చండి. పొట్టలో తగిలితే గంటల తరబడి స్పృహ ఉండొచ్చు. మాటలు మాత్రం తెగిపోతూ వస్తాయి. సగం వాక్యం, నీళ్ళు అడగడం, మళ్ళీ సగం వాక్యం. ఇంకో బాధ ఏంటంటే పొట్టలో గాయమైనవాడికి నీళ్ళు ఇవ్వకూడదని నేర్పిస్తారు. పక్కనున్నవాడి దగ్గర వాటర్ బాటిల్ నిండుగా ఉంటుంది, కానీ ఇవ్వడు. మీ చెల్లి పెళ్లి డైలాగు కంటే ఆ బాటిలే ఎక్కువ ఏడిపిస్తుంది.

#7 · చెవులపిల్లి
సౌండ్. బడ్జెట్ తక్కువైనవాళ్ళకి ఇదే అసలు ఆయుధం.

రైఫిల్ బుల్లెట్ ధ్వని కంటే వేగంగా వెళ్తుంది. కాబట్టి మీ వైపు కాలిస్తే మీకు రెండు శబ్దాలు వినిపిస్తాయి. మొదటిది బుల్లెట్ పక్కనుంచి పోయినప్పుడు కొరడా విసిరినట్టు 'ఠక్'. రెండోది దూరంగా తుపాకీ మోత, 'దుమ్'. రెంటి మధ్య ఎడం ఒక సెకను దాకా ఉంటే కాల్చినవాడు సుమారు 600 మీటర్ల దూరంలో ఉన్నట్టు. పాత సైనికులు ఈ ఎడంతోనే దూరం కొలిచేవాళ్ళు. మన సినిమాల్లో తుపాకీ మోత ముందు, తర్వాత 'సుయ్' అని బుల్లెట్ ఈల. పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఆ ఈల రాయికి తగిలి పక్కకి తుళ్ళిన బుల్లెట్‌ది, నేరుగా వచ్చేదానిది కాదు.

మిక్సింగ్‌లో చేయాల్సింది: 'ఠక్' పొడిగా, ఎకో లేకుండా, చెవి పక్కనే. 'దుమ్' వెనక స్పీకర్లలో, పై ఫ్రీక్వెన్సీలు కోసేసి, కొంచెం ఎకోతో. మధ్యలో 15 నుంచి 20 ఫ్రేముల ఎడం. అంతే, శత్రువుని చూపించకుండానే ఎడారి ఎంత పెద్దదో తెలిసిపోతుంది.

మెషిన్ గన్ అన్నీ ఒకేలా వినిపించవు. జర్మన్ల ఎంజీ 42 నిమిషానికి 1200 తూటాలు, అంటే సెకనుకి ఇరవై. చెవి ఒక్కొక్కదాన్నీ విడిగా పట్టుకోలేదు, గుడ్డ చించినట్టు వినిపిస్తుంది. మీ ఎల్ఎంజీ అలా కాదు, చాలా నెమ్మది, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. లైబ్రరీలోంచి చేతికందిన ట్రాక్ వేసేయొద్దు.

ఇక పేలుడు తర్వాత చెవిలో 'కీ...' అనే శబ్దం. అందరూ పది సెకన్లు వాడి ఆపేస్తున్నారు. నిజంగా అయితే అది గంటలు, కొందరికి జీవితాంతం. రైఫిల్ కాల్చేవాడి చెవి దగ్గర 150 డెసిబెల్స్ పైమాటే. నా సలహా: మొదటి షెల్ పడ్డ దగ్గర్నుంచి ఆ పాత్ర వైపునుంచి చూపించే ప్రతి షాట్‌లో మాటల పై ఫ్రీక్వెన్సీలు కోసేయండి, ఆ 'కీ' సన్నగా చివరిదాకా ఉంచండి. పక్కవాడు ఆర్డర్ ఇస్తుంటే పెదాలు మాత్రమే కనబడాలి. ఒక్కటే రిస్కు, మన థియేటర్లలో సౌండ్ పోయిందని ఆపరేటర్‌ మీద కేకలేస్తారు.

#8 · రీలురంగడు
ఇది బంగారం చెవులపిల్లి గారూ. బీజీఎం పూర్తిగా తీసేయాలా?

#9 · చెవులపిల్లి
కాల్పుల వరకు తీసేయండి. సేవింగ్ ప్రైవేట్ ర్యాన్‌లో ఆ బీచ్ సీన్ మొత్తానికీ సంగీతం లేదు. దాదాపు 24 నిమిషాలు. జాన్ విలియమ్స్ లాంటి సంగీత దర్శకుడు పక్కనే ఉండి కూడా.

#10 · కట్‌షాట్
ఆ సీన్ ఎత్తారు కాబట్టి. అందరూ దాన్ని కాపీ కొడతారు, చేయి ఊపుతూ కెమెరా పట్టుకోవడం ఒక్కటే కాపీ కొడతారు. అసలు పని షట్టర్‌లో ఉంది. మామూలుగా 24 ఫ్రేముల దగ్గర షట్టర్ 180 డిగ్రీలు, ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం సెకనులో 48వ వంతు. ఆ సినిమా కెమెరామన్ యానుష్ కమిన్‌స్కీ 90, 45 డిగ్రీలు వాడాడు, అంటే 96వ వంతు, 192వ వంతు. కదలికలో మసక పోయి, ఎగిరిన ఇసుక రేణువు ఒక్కొక్కటీ గుచ్చినట్టు కనబడుతుంది. పాత లెన్సుల మీది కోటింగ్ తీయించి కాంట్రాస్ట్ చంపేశాడు, రంగు ల్యాబ్‌లో దింపేశాడు. మీ డిజిటల్ కెమెరాలో షట్టర్ యాంగిల్ మెనూలోనే ఉంటుంది, రూపాయి ఖర్చు లేదు. 45కి రెండు స్టాపుల వెలుతురు పోతుందని, అంటే నాలుగో వంతే మిగులుతుందని మాత్రం గుర్తుంచుకోండి. రాత్రి సీన్లో ఆ వెలుతురు మీ దగ్గర ఉండదు, కాబట్టి 90తో సరిపెట్టుకోండి. ఎల్ఈడీ లైట్లు వాడితే ముందు టెస్ట్ షాట్ తీయండి, చిన్న షట్టర్‌కి చవక ఎల్ఈడీలు మినుకుమంటాయి.

#11 · పాతబూటు
ఆ సీన్‌ని నెత్తిన పెట్టుకునేముందు దాని తప్పులు కూడా చెప్పుకుందాం. తీసింది ఐర్లండ్‌లోని కరక్లో తీరంలో, అందులోని బీచ్ ఇరుకు. నిజంగా 1944 జూన్ 6 ఉదయం ఆరున్నరకి ఫ్రాన్స్‌లోని ఒమాహా బీచ్‌లో దిగింది సముద్రం వెనక్కి తగ్గిన పాటు సమయంలో. అడ్డంకులు బయటపడి పడవలకి కనబడాలని ఆ వేళ ఎంచుకున్నారు. దానివల్ల బరువు మోసుకుంటూ దాదాపు 300 గజాల బోసి ఇసుక దాటాల్సి వచ్చింది. తర్వాత పోటు మొదలైంది. కదల్లేని గాయపడ్డవాళ్ళ మీదికి నీళ్ళు పాకుతూ వచ్చాయి. ఆ మరణాలు బుల్లెట్ కంటే నెమ్మది, భయంకరం. సినిమాలో అది లేదు.

దానికి బదులు నీళ్ళ లోపల బుల్లెట్లు దూసుకొచ్చి మనుషుల్ని చంపుతాయి. రైఫిల్ బుల్లెట్ నీళ్ళలోకి దిగితే మీటరు లోతులోపే వేగం చచ్చిపోతుంది, కొన్ని ముక్కలైపోతాయి. చూడటానికి అందంగా ఉంది కాబట్టి పెట్టుకున్నారు.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళ పాత్రలకి నిజంగా అవయవాలు లేనివాళ్ళనే తీసుకున్నారు. కృత్రిమ అవయవం తగిలించి, అది ఊడిపోయినట్టు తీశారు. గ్రాఫిక్స్‌తో చేయి చెరిపేస్తే రాని బరువు దానివల్ల వచ్చింది. సినిమా విడుదలయ్యాక అమెరికాలో మాజీ సైనికుల శాఖ, పాత జ్ఞాపకాలు తిరగబెట్టినవాళ్ళ కోసం టెలిఫోన్ లైన్ పెట్టాల్సి వచ్చింది.

#12 · రంగుడబ్బా
రక్తం కొలతలు నేను ఇస్తాను. బేకరీ సామాన్ల షాపులో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ ఒక లీటరు, గోరువెచ్చటి నీళ్ళు పావు లీటరు, ఎర్ర ఫుడ్ కలర్ 30 మిల్లీలీటర్లు, నీలం రంగు నాలుగైదు చుక్కలు, కోకో పొడి రెండు చెంచాలు. కోకోని ముందు కొంచెం నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకోవాలి. నేరుగా వేస్తే గడ్డలు తేలుతాయి. నీలం లేకపోతే రూహఫ్జాలా కనబడుతుంది. తెరమీద కనబడే నకిలీతనంలో సగం అక్కడే.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే:

ఖాకీ, ఆలివ్ గుడ్డ మీద రక్తం ఎర్రగా ఉండదు, నల్లటి తడి మరకలా ఉంటుంది. కాబట్టి గుడ్డ మీద వేసేదానికి కోకో ఇంకో చెంచా పెంచండి, చర్మం మీదిది మామూలుగా ఉంచండి. రెండు సీసాలు, రెండు లేబుళ్ళు.

రక్తానికి వయసు ఉంటుంది. పడ్డప్పుడు ఎరుపు, పావుగంటకి జెల్లీలా, గంట దాటితే గోధుమ రంగు, తెల్లారేసరికి పెచ్చు. మీ కథ ఒక రాత్రంతా కాబట్టి కంటిన్యుటీ షీట్‌లో ప్రతి మరకకీ టైము రాసుకోండి. రాత్రి పదింటి గాయం తెల్లవారుజామున కూడా తళతళలాడితే మొత్తం పోయినట్టే.

బుల్లెట్ లోపలికి దిగినచోట రంధ్రం చిన్నది, వేలి కొనంత. బయటకొచ్చిన వైపే పెద్దది. మనవాళ్ళు ఛాతీ మీద తామరపువ్వు పూయిస్తారు.

రక్తం చిమ్మించే స్క్విబ్ పెట్టాలంటే పేలుడు మందు వ్యవహారం లైసెన్సున్న మనిషి చేతిలోనే ఉండాలి, దాని కొలతలు ఇక్కడ రాయను. గుడ్డ పని మాత్రం మీది: చొక్కా లోపలివైపు ఆ చోటు గరుకు కాగితంతో రుద్ది పలచన చేయాలి, లేకపోతే చిరగదు, ఉబ్బుతుంది. ఒంటికీ స్క్విబ్‌కీ మధ్య రేకు, దాని కింద మెత్త. ఒక్కో పాత్రకి కనీసం మూడు జతల చొక్కాలు. ఇంత ఖర్చు వద్దనుకుంటే గాలి పంపుతో సన్నటి ట్యూబులోంచి రక్తం ఊరేలా చేయండి. నా మట్టుకు నాకు చిమ్మేదానికంటే ఊరేదే నమ్మబుద్ధేస్తుంది.

#13 · పాతబూటు
మోర్టార్ పేలుళ్ళ గురించి కూడా రాసేయండి రంగుడబ్బా గారూ. అందరూ పెట్రోల్ మంట లేపుతున్నారు.

#14 · రంగుడబ్బా
అవునండీ. గ్రెనేడ్ అయినా మోర్టార్ అయినా నారింజ రంగు మంట బంతి రాదు. ఒక్క క్షణం మెరుపు, తర్వాత బూడిదా నలుపూ కలిసిన పొగ, మట్టి. అంతే. చంపేది మంట కాదు, కంటికి కనబడని ముక్కలు. కాబట్టి అసలు భయం, పేలినచోటికి పది మీటర్ల అవతల నిలబడ్డవాడు చప్పుడు లేకుండా కూలడం.

సెట్లో దీన్ని నేలలో పాతిన ఉక్కు కుండతో చేస్తారు. కుండలోంచి పైకి లేచే సరుకే మనిషికి ప్రమాదం. ముల్తానీ మట్టి, బెండు ముక్కలు, పీట్ వాడతారు. మన దగ్గర పీట్ బదులు కోనసీమ కొబ్బరి పొట్టు చవక. కొంచెం తడిగా ఉండాలి, పూర్తిగా ఎండింది అంటుకుంటుంది. ముల్తానీ మట్టి మాత్రం పొడిగా ఉండాలి, మంచుకి తడిస్తే గడ్డ కట్టి ఇటుక ముక్కలా లేస్తుంది. అన్నింటినీ జల్లెడ పట్టాల్సిందే. చిన్న గులకరాయి ఒక్కటి మిగిలినా అది నిజం బుల్లెట్టే. కుండ ఉన్న ప్రతిచోటా రిహార్సల్‌లో ఎర్ర జెండా, ఆర్టిస్టు పరుగు దారి సున్నంతో గీసి చూపించాలి. టేక్‌కి జెండాలు తీసేస్తారు కాబట్టి దారి కాళ్ళకి అలవాటు కావాలి.

#15 · మెట్లబావి
బ్లాంకుల గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. బ్లాంకులో బుల్లెట్ ఉండదు కానీ వేడి గాలి, మూత ముక్క దగ్గర్లో ఉన్న మనిషిని చంపేస్తాయి. 1984లో జాన్-ఎరిక్ హెక్సమ్ అనే నటుడు తలకి ఆనించి కాల్చుకుని అలాగే పోయాడు. 1993లో బ్రాండన్ లీ చనిపోయింది ఇంకో రకంగా: క్లోజప్ కోసం వాడిన డమ్మీ తూటా ముక్క గొట్టంలో ఇరుక్కుంది, ఎవరూ చూడలేదు, తర్వాత బ్లాంక్ కాలిస్తే అది బుల్లెట్‌లా బయటకొచ్చింది. 2021 అక్టోబర్‌లో హలీనా హచిన్స్ అనే సినిమాటోగ్రాఫర్ పోయింది సెట్లోకి నిజం తూటా వచ్చి పడినందువల్ల. మూడు దారులు. మొదటిదాంట్లో తుపాకీ తలకి ఆనించకుండా ఉంటే, మిగతా రెండింట్లో ఎవరో ఒకరు గొట్టం, తూటాలు సరిగా చూసి ఉంటే సరిపోయేది. మీ బడ్జెట్‌కి బ్లాంకులు వద్దే వద్దు. కాల్చని డమ్మీలు, తుపాకీ గొట్టం చివర మెరుపు ఎడిటింగ్‌లో. మెరుపు కూడా ప్రతి తూటాకీ వేయకండి, ఒక్క ఫ్రేములో అయిపోయే మెరుపుని కెమెరా చాలాసార్లు పట్టుకోలేదు. పదింటిలో ఆరింటికి వేస్తే నిజంలా ఉంటుంది.

ఎలెమ్ క్లిమోవ్ తీసిన కమ్ అండ్ సీ (1985)లో నిజం తూటాలు వాడారని గొప్పగా చెప్పుకుంటారు. సినిమా గొప్పదే. ఆ పద్ధతి గొప్పది కాదు.

#16 · గోదారిగట్టు
ఇప్పటిదాకా అంతా బుల్లెట్ చుట్టూ తిరుగుతున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ రెండు లక్షల పైచిలుకు బ్రిటిష్ సైనికుల లెక్క ఒకటుంది: షెల్లు, ట్రెంచ్ మోర్టార్ల వల్ల 58.5 శాతం, బుల్లెట్ల వల్ల 39, గ్రెనేడ్ల వల్ల 2.2, బయొనెట్ (తుపాకీ కొనకి తగిలించే కత్తి) వల్ల 0.32. వెయ్యిమందిలో ముగ్గురు. సినిమాల్లో బయొనెట్ పోరాటం ఎంతసేపు ఉంటుందో చూడండి. ఎదురుగా ముఖం కనబడేవాడితో పోట్లాట ఉంటే మనకి కథ ఉన్నట్టుంటుంది. నిజంగా చంపింది మాత్రం ఎక్కడో కిలోమీటర్ల అవతల లెక్కలు వేసుకుంటున్నవాడు. అందుకే నా ఓటు: మీ సినిమాలో శత్రువు ముఖం ఒక్కసారి కూడా కనబడొద్దు.

#17 · బాల్కనీబాబు
అసలు యుద్ధంలో నూటికి పాతికమందే తుపాకీ పేలుస్తారట కదా, మిగతావాళ్ళు చంపడానికి మనసొప్పక ఊరుకుంటారని చదివా. అది పెట్టొచ్చుగా?

#18 · గోదారిగట్టు
అది అమెరికన్ సైనిక చరిత్ర రచయిత ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1947లో చెప్పిన లెక్క. అసలు ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్న అడిగిన దాఖలాలే సరిగా లేవని 1988లో రోజర్ స్పిల్లర్ అనే చరిత్రకారుడు ఎత్తిచూపాడు. డైలాగులో అంకెలా పెట్టకండి. ఒక పాత్ర కాల్చకుండా ఉండిపోతే అది ఆ మనిషి సంగతిగా పెట్టుకోండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

#19 · పాతబూటు
రంగడు గారూ, మీ కథ రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా పోస్టు పోరాటానికి దగ్గరగా ఉంది కాబట్టి ఇది చెప్పాలి. 1971 డిసెంబర్ 4 రాత్రి, 23 పంజాబ్ ఎ కంపెనీ, మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి, సుమారు 120 మంది. తెల్లారాక జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు వచ్చి ట్యాంకుల పని పట్టాయి. మనవైపు చనిపోయింది ఇద్దరు. ఆ పోరాటం మీద తీసిన హిందీ సినిమా బోర్డర్ (1997)లో ఎంతమంది పోతారో అందరూ చూశారు. అందులో సునీల్ శెట్టి పాత్ర వీరమరణం పొందుతుంది. ఆ పాత్రకి మూలమైన భైరోన్ సింగ్ రాఠోడ్ నిక్షేపంగా బతికి, 2022 డిసెంబర్‌లో జోధ్‌పూర్‌లో కన్నుమూశారు. పాతికేళ్ళపాటు తను తెరమీద చచ్చిపోవడం చూస్తూ బతికారు ఆయన.

చావులు పెంచితే త్యాగం పెరుగుతుందనే లెక్క ఇది. ఇద్దరు అంటే తక్కువా? 120 మందిలో ఇద్దరిని పేరుపేరునా చూపించండి. ఆ రాత్రి అసలు డ్రామా వేరే ఉంది. పాకిస్తాన్ దళం ముళ్ళకంచె చూసి మందుపాతరలు ఉన్నాయనుకుని ఆగిపోయింది. వాటిని తీసేవాళ్ళ కోసం దాదాపు రెండు గంటలు కాచుకుని కూర్చుంది. రెండు గంటలు! అవతల ట్యాంకుల ఇంజన్ చప్పుడు, ఇవతల ఎవరికీ ఏమీ తెలియదు. నిజమైన యుద్ధంలో ఎక్కువభాగం ఇదే. మీ ఇరవై అయిదు నిమిషాల్లో పన్నెండు దీనికి ఇవ్వండి.

ఇంకో చిన్న విషయం. చాంద్‌పురి కంపెనీ దగ్గర జీపు మీద 106 ఎంఎం ఆర్సీఎల్ గన్ (ట్యాంకుల్ని కొట్టే, వెనక్కి తన్నని గన్) ఉంది. దాని మంట వెనకవైపు కొడుతుంది, ఇరవై ముప్పై మీటర్ల దాకా ఎవరూ ఉండకూడదు. దాని వెనక నిలబడి హీరో "ఫైర్" అని అరిచే షాట్ రాసుకుని ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

#20 · రీలురంగడు
రాసుకున్నాను. కొట్టేశాను.

#21 · మెట్లబావి
రక్తం లేకుండా ఖరీదు చూపించొచ్చా అని అడిగారుగా. 2022లో వచ్చిన జర్మన్ సినిమా ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్ మొదటి పది నిమిషాలు చూడండి. ఒకడు చనిపోతాడు. అక్కడ్నుంచి కెమెరా వాడిని వదిలేసి వాడి యూనిఫాం వెంట వెళ్తుంది. విప్పడం, మూట కట్టడం, రక్తం నీళ్ళలో ఉతకడం, వరసగా కుట్టు మిషన్ల మీద చిరుగులు కుట్టడం. అదే చొక్కా కొత్త కుర్రాడికి ఇస్తారు. మెడ దగ్గర పాతవాడి పేరు పట్టీ ఉంటుంది. ఇది ఇంకెవరిదో అంటాడు. సైజు సరిపోలేదేమో అని గుమాస్తా పట్టీ పీకేసి ఇచ్చేస్తాడు. ఆ నేలమీద పడ్డ పట్టీ ముందు స్క్విబ్బులన్నీ దిగదుడుపే.

#22 · కట్‌షాట్
ఒప్పుకోను. రక్తం దాచేస్తే యుద్ధం శుభ్రంగా ఉన్నట్టు అలవాటవుతుంది. 1916లో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మీద వచ్చిన బ్రిటిష్ అధికారిక డాక్యుమెంటరీని ఆరువారాల్లో రెండు కోట్ల మంది చూశారు. అందులో కందకం దాటి పైకెక్కుతూ పడిపోయే షాట్ శిక్షణ స్థలంలో నటింపజేసింది, ఒక్క బొట్టు రక్తం లేదు. యుద్ధం మొదటిరోజు, జులై 1న, బ్రిటిష్ వైపు చనిపోయింది 19,240 మంది. జనం ఏడ్చింది ఆ నటన చూసి. రక్తం పెట్టాలి, కానీ ఒక్కసారి, దగ్గరగా, కట్ చేయకుండా.

#23 · గాజుగుడ్డ
మీ ఇద్దరికీ మధ్యలో ఒకటి పెడతాను. స్ట్రెచర్. మామూలుగా నలుగురు మోస్తారు. 1917లో బెల్జియంలోని పాషెండేల్ బురదలో ఒక్క గాయపడ్డవాడికి ఆరుగురు, ఎనిమిదిమంది కావాల్సి వచ్చేది, గంటలు పట్టేది. మోసేవాళ్ళ చేతులు బొబ్బలెక్కడం, పైనున్నవాడు ప్రతి అడుగుకీ మూలగడం, మోసేవాళ్ళలో ఒకడు విసుక్కోవడం. ఇసుకలో కూడా అంతే, పాదం కూరుకుపోతుంది. రెండు వందల మీటర్లు ఒకే షాట్‌లో తీయండి. చివరికి దించి చూస్తే ప్రాణం లేదు. అయినా మళ్ళీ ఖాళీ స్ట్రెచర్‌తో వెనక్కి పోవాలి.

#24 · గోదారిగట్టు
ఇంటి వైపు సంగతి. స్క్రిప్టులో చివర జెండా కప్పిన శవపేటిక ఊరికి వచ్చే సీను ఉంటే తీసేయండి. 1965, 71ల్లో మామూలుగా దహనం అక్కడే సరిహద్దు దగ్గర జరిగిపోయేది. భౌతికకాయాల్ని పెద్దఎత్తున సొంతూళ్ళకి పంపడం 1999 కార్గిల్ నుంచి. 71లో ఇంటికి చేరింది టెలిగ్రాం, తర్వాత పెట్టె. పెట్టెలో సామాను: బట్టలు, షేవింగ్ సెట్టు, రాసి పోస్టు చేయని ఉత్తరం. శవం చూడని తల్లి ఏళ్ళ తరబడి నమ్మదు. ఆ నమ్మకపోవడమే మీ క్లైమాక్స్ కావచ్చు.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో ఆఫీసరు పోతే టెలిగ్రాం, మామూలు సిపాయి పోతే పోస్టులో అచ్చు ఫారం. బి.104-82 దాని నంబరు. ఖాళీల్లో పేరు, ర్యాంకు, తేదీ చేత్తో నింపేవాళ్ళు. మన సిపాయిల పరిస్థితి ఇంకా కింద. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద ఆఫీసర్ల పేర్లున్నాయి, భారతీయ సిపాయిల పేర్లు చెక్కలేదు, సంఖ్య వేసి వదిలేశారు. ఈ అసమానతని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో ఒప్పుకుంది.

ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు రాసిన ఉత్తరాలు సెన్సార్ చేతుల్లోంచి వెళ్ళేవి. అందుకని గూఢంగా రాసుకునేవాళ్ళు: నల్ల మిరియాలు అంటే మనవాళ్ళు, ఎర్ర మిరప అంటే తెల్లవాళ్ళు. నల్ల మిరియాలు అయిపోయాయి అని రాస్తే ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేది. సెన్సార్‌కీ అర్థమైంది, అందుకే ఆ ఉత్తరాల నకళ్ళు ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మన తెలుగులో కంచె (2015) రెండో ప్రపంచయుద్ధం దాకా వెళ్ళింది. మొదటిదాని మీద, తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం లాంటి ఊరి మీద, ఇలాంటి ఉత్తరం ఒక్కటి చాలు సినిమా తీయడానికి.

#25 · బాల్కనీబాబు
గోదారిగట్టు గారూ 🙏 నేనిక జోకులు వేయను ఈ థ్రెడ్‌లో.

#26 · రీలురంగడు
అందరికీ థాంక్స్. మార్పులు ఇవీ: కాల్పులు నాలుగు నిమిషాల నుంచి రెండున్నరకి దించుతున్నాను, ఎదురుచూపు పన్నెండు నిమిషాలు. శత్రువు కనబడడు. చనిపోయేది ఒక్కడే, పొట్టలో గాయం, పక్కన నీళ్ళ బాటిల్. శవపేటిక పోయింది, పెట్టె వచ్చింది. రంగుడబ్బా గారూ, చివరి ప్రశ్న: రాత్రంతా అదే చొక్కా ఆర్టిస్టు ఒంటి మీద ఉంటుంది. ఆ గ్లూకోజ్ రక్తంతో ఇబ్బంది ఏమన్నా ఉంటుందా?

#27 · రంగుడబ్బా
ఉంటుంది. ఆరాక గుడ్డ చర్మానికి అతుక్కుంటుంది, పీకితే వెంట్రుకలతో సహా వస్తుంది. లోపల పలచటి బనియను, దానికీ చొక్కాకీ మధ్య ప్లాస్టిక్ షీట్ పెట్టండి. మిశ్రమంలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు కలిపితే తర్వాత మరక వదులుతుంది, కానీ నోటి దగ్గర వాడే సీసాలో మాత్రం కలపొద్దు. తీపి కాబట్టి చీమలు, ఈగలు వస్తాయి. ఆర్టిస్టు ఇసుకలో పడుకునేచోట చుట్టూ ముందే చీమల మందు గీత గీయించండి. ఈగలు వచ్చి వాలితే మాత్రం తోలకండి, కెమెరా ఆపకండి.